చీకట్లో స్మార్ట్‌వాచ్ కళ్లలో ఎందుకు కొడుతుంది?

రాత్రి రెండు గంటలు. గదిలో లైట్లు ఆర్పేసి చాలాసేపైంది. నిద్రలో పక్కకు ఒత్తిగిలితే మణికట్టు తిరుగుతుంది, టైం చూడటానికే చెయ్యెత్తారనుకుని వాచీ వెలుగుతుంది, ఆ వెలుగు సరిగ్గా కళ్ల మీదే పడుతుంది. నిజంగా టైం చూద్దామని చెయ్యెత్తినవాళ్ల పరిస్థితీ అంతే. మొదటి క్షణం కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, మళ్లీ తెరిచి అంకెలు పోల్చుకునేలోపు నిద్రమత్తు సగం వదిలిపోతుంది. తెల్లారాక సెట్టింగ్స్ తీసి చూస్తే బ్రైట్‌నెస్ అప్పటికే అట్టడుగున ఉంటుంది. ఇంకా తగ్గించడానికి దారి లేదు.

ఇదే వాచీ మీద దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఫిర్యాదు కూడా వినిపిస్తుంది. మసక వెలుతురులో స్క్రీన్ మరీ డల్ అయిపోతోందని, అక్షరాలు బూడిదరంగులో కలిసిపోయి కళ్లు చికిలించినా చదవలేకపోతున్నామని. ఒకరికి ఎక్కువై బాధ, ఇంకొకరికి తక్కువై బాధ. రెండూ నిజమే. వాచీ స్క్రీన్ ఎంత పైకి వెలగగలదన్న దాని మీద పెట్టినంత శ్రద్ధ, ఎంత కిందికి దిగాలి, ఎప్పుడు దిగాలి అన్న దాని మీద పెట్టకపోవడమే ఈ రెండింటికీ మూలం.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఒక చోట పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, ఒక ఉపరితలం ఎంత వెలుగుగా కనిపిస్తుందో నిట్లలో కొలుస్తారు. తెల్ల కాగితం మీద పడ్డ వెలుతురులో సుమారు 80 శాతం తిరిగి వస్తుందనుకుంటే, లక్స్‌ల సంఖ్యను నాలుగుతో భాగిస్తే ఆ కాగితం ఎన్ని నిట్లతో కనిపిస్తుందో దాదాపుగా వచ్చేస్తుంది. నడినెత్తిన ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, అంటే ఆ ఎండలో కాగితం 25,000 నిట్లు. ఆఫీసు గదిలో 300 లక్స్ ఉంటే కాగితం 75 నిట్లు. లైట్లు ఆర్పి, కిటికీలోంచి కాస్త వెలుతురు వచ్చే పడకగదిలో 0.1 లక్స్ ఉందనుకోండి, అప్పుడు అదే కాగితం 0.025 నిట్లు మాత్రమే.

ఇప్పుడు వాచీ దగ్గరికి వద్దాం. 2023లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 9 గరిష్ఠంగా 2,000 నిట్లు వెలుగుతుందని, చీకట్లో 1 నిట్ దాకా తగ్గుతుందని కంపెనీ ప్రకటించింది. అదే ఏడాది అల్ట్రా 2కి 3,000 నిట్లు అన్నారు. 2024లో గూగుల్ పిక్సెల్ వాచ్ 3 కూడా 1 నిట్ నుంచి 2,000 నిట్ల దాకా అని చెప్పింది. 1 నిట్ వినడానికి చాలా తక్కువ అనిపిస్తుంది. ఒక కొవ్వొత్తికి అర మీటరు దూరంలో తెల్ల కాగితం పట్టుకుంటే అది ఎంత వెలుగుగా ఉంటుందో 1 నిట్ సుమారుగా అంతే. కానీ పైన చెప్పిన పడకగదిలో కాగితం 0.025 నిట్ల దగ్గర ఉంది. దాని పక్కన 1 నిట్ స్క్రీన్ 40 రెట్లు ఎక్కువ. అదీ అందరికన్నా కిందికి దిగే వాచీల సంగతి. కనిష్ఠం ఎంతో స్పెసిఫికేషన్లలో ఎక్కడా చెప్పని వాచీలు బోలెడు.

పగలు జరిగేది దీనికి తలకిందులు. 25,000 నిట్ల కాగితం ముందు 2,000 నిట్ల స్క్రీన్ వెలవెలబోతుంది. ఎండకూ చీకటికీ మధ్య మన చుట్టూ ఉన్న వస్తువుల వెలుగు పది లక్షల రెట్లు మారుతుంటే, మంచి వాచీ స్క్రీన్ సైతం రెండు మూడు వేల రెట్లే మారగలుగుతోంది. కాబట్టి ఏదో ఒక చివర తేడా కొట్టక తప్పదు. పోటీ అంతా పైచివర మీదే నడిచింది, ఎందుకంటే షోరూమ్ దీపాల కింద, ఎండలో తీసిన వీడియోల్లో కనిపించేది అదే. చీకటి గదిలో కూర్చుని వాచీ కొనేవాళ్లు ఉండరు కదా.

ఇక కంటి సంగతి. కంటి వెనక వెలుతురును పట్టే పొర రెటీనా. అందులో రెండు రకాల కణాలున్నాయి. కోన్ కణాలు పగటి వెలుతురులో పనిచేస్తాయి, రంగులు గుర్తిస్తాయి. రాడ్ కణాలు చీకటికి. లైటు ఆర్పగానే ముందు కోన్‌లు సర్దుకుంటాయి, పది నిమిషాల్లోపే వాటి పని అయిపోతుంది. ఆ తర్వాత రాడ్‌లు నెమ్మదిగా పుంజుకుంటాయి, పూర్తిగా అలవాటు పడటానికి అరగంట, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. రాడ్‌లలో ఉండే రోడాప్సిన్ అనే పదార్థం చీకట్లో కొంచెం కొంచెంగా మళ్లీ తయారవడమే దీనికి కారణం. గట్టి వెలుగు పడితే అది క్షణాల్లో విరిగిపోతుంది. అరగంట పాటు కూడబెట్టింది చటుక్కున ఖర్చయిపోతుంది, ఎంత ఖర్చయితే, మళ్లీ కూడబెట్టడానికి అంత ఎక్కువసేపు ఆగాలి. రాత్రి వాచీ చూసి మంచం దిగినవాళ్లు గుమ్మానికి కాలు తగిలించుకునేది ఇందుకే. అంతకుముందు లీలగా కనిపించిన గది ఆ తర్వాత కొంతసేపు కనిపించదు.

అదే బ్రైట్‌నెస్ సెట్టింగ్ రాత్రి పదింటికి హాయిగా ఉండి రెండింటికి కళ్లలో గుచ్చుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వాచీ మారలేదు, కన్ను మారింది. పాత వాచీల ముళ్ల మీద పూసే మెరుపు రంగుతో దీన్ని పోల్చి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ రంగులో రేడియం ఉండేది, ఆ రంగు పూసిన అమ్మాయిల ప్రాణాల మీదికి వచ్చింది. 1993లో జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ రేడియోధార్మికత లేని, స్ట్రాన్షియం అల్యూమినేట్‌తో చేసిన రంగు తెచ్చింది. పగలు వెలుతురు పీల్చుకుని రాత్రి ఆకుపచ్చగా మెరిసే ఆ రంగు గంటలు గడిచేకొద్దీ మసకబారుతుంది. కానీ అదే సమయంలో కంటి చూపు చీకటికి పదునెక్కుతుంది. అందుకే తెల్లవారుజామున కూడా ముళ్లు కనిపిస్తాయి. అక్కడ వెలుగు తగ్గడం, కన్ను తెరుచుకోవడం ఒకదానికొకటి తోడు. స్మార్ట్‌వాచ్‌లో మాత్రం కనిష్ఠం ఒక చోట ఆగిపోతుంది, కన్ను ముందుకు పోతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ తెర కన్నా పూసిన రంగు రాత్రికి బాగా సరిపోవడం ఆలోచించాల్సిన విషయమే.

మరి స్క్రీన్‌ని ఇంకా ఎందుకు తగ్గించరు? తగ్గించడం అనుకున్నంత తేలిక కాదు. ఇప్పటి వాచీల్లో ఎక్కువగా ఉండేవి ఓలెడ్ స్క్రీన్లు, వీటిలో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది. పిక్సెల్‌కి ఇచ్చే కరెంటు తగ్గిస్తే వెలుగు తగ్గుతుంది, నిజమే. కానీ పక్కపక్కనున్న రెండు పిక్సెళ్ల ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ అచ్చు ఒకేలా ఉండవు. కరెంటు ఎక్కువున్నప్పుడు ఆ చిన్న తేడా కనిపించదు, అణువంత కరెంటు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడాయే పెద్దదైపోతుంది. అప్పుడు బూడిదరంగు నేపథ్యం మీద మరకలు, చారలు కనిపిస్తాయి, రంగు ఆకుపచ్చ వైపో గులాబీ వైపో ఒరుగుతుంది. దీన్ని తప్పించడానికి చాలా స్క్రీన్లు కరెంటును తగ్గించకుండా, పిక్సెల్‌ని సెకనుకు వందలసార్లు వెలిగించి ఆర్పుతూ వెలిగే సమయాన్ని తగ్గిస్తాయి. కన్ను దాన్ని సగటు చేసుకుని తక్కువ వెలుగుగా చూస్తుంది. కొంతమందికి ఈ రెపరెప తలనొప్పి తెస్తుంది. వాచీని చూసేది రెండు మూడు సెకన్లే కాబట్టి, ఫోన్‌తో వచ్చినంత ఇబ్బంది ఇక్కడ ఉండదు.

సాఫ్ట్‌వేర్‌తో తగ్గించే దారి ఇంకొకటి ఉంది. 2021లో ఆండ్రాయిడ్ 12తో ఫోన్లకు వచ్చిన ఎక్స్‌ట్రా డిమ్ ఇలాంటిదే. స్క్రీన్ వెలుగుని ముట్టుకోకుండా, చూపించే బొమ్మనే ముదురుగా మార్చేస్తారు. దీనికీ ఒక మూల్యం ఉంది. ఒక్కో రంగుకీ మామూలుగా 256 మెట్లు ఉంటాయి. మెట్లు పెరిగినంత సమానంగా వెలుగు పెరగదు కాబట్టి, వెలుగు నాలుగో వంతుకి తగ్గాలంటే పై మెట్లన్నీ వదిలేసి సుమారు 136 మెట్లతో సరిపెట్టుకోవాలి. ఫొటో ఉన్న వాచ్‌ఫేస్ (టైం చూపించే తెర డిజైన్) మీద ఇది చారలు చారలుగా కనిపిస్తుంది. నల్లటి నేపథ్యం మీద నాలుగు అంకెలే ఉంటే ఎవరికీ తెలియను కూడా తెలియదు. రాత్రి పూట కావలసింది ఆ నాలుగు అంకెలే కాబట్టి, వాచీల్లో ఈ దారిని ఇంకా ధైర్యంగా వాడొచ్చు.

తర్వాతి చిక్కు వెలుతురు సెన్సర్. స్క్రీన్ గట్టిగా ఉండాలా మెల్లగా ఉండాలా అన్నది నిర్ణయించేది ఇదే, ఆటో బ్రైట్‌నెస్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి దీని దగ్గరే తేలతాయి. మొదటి సంగతి, ఇది కొలిచేది వాచీ మీద పడే వెలుతురుని, మీ కంటికి అందే వెలుతురుని కాదు. పొడుగు చేతుల చొక్కా కింద ఉంటే దానికి ప్రపంచమంతా చీకటే. చొక్కా చెయ్యి పైకి లాగి ఎండలో చూస్తే ఒక క్షణం స్క్రీన్ నల్లగా ఉండి, తర్వాత వెలుగుతుంది. రాత్రి దీనికి రివర్స్ జరుగుతుంది. చదువుకునే దీపం కింద చెయ్యి పెట్టి, దీపం ఆర్పి, వెంటనే వాచీ చూస్తే అది ఇంకా దీపం లెక్కలోనే ఉంటుంది.

రెండో సంగతి, చాలా వాచీల్లో సెన్సర్ ముదురు గాజు కిందో స్క్రీన్ కిందో ఉంటుంది. దాని దాకా చేరే వెలుతురే కొంచెం. చీకటి గదిలో ఆ కొంచెంలోనూ చాలా భాగం స్క్రీన్ తనంతట తాను వెదజల్లిన వెలుగే. తన వెలుగుని తానే చూసి గదిలో లైటుందనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, పిక్సెళ్లు ఆరిపోయిన ఆ కొద్ది క్షణంలోనే సెన్సర్ కొలిచేలా ఏర్పాటు చేస్తారు. అయినా 0.1 లక్స్‌కీ 1 లక్స్‌కీ మధ్య తేడాను ఇంత చిన్న సెన్సర్ నమ్మకంగా చెప్పడం కష్టం. కంటికి ఆ రెండూ వేరే లోకాలు.

మూడోది ఆలస్యం. చెట్ల నీడలో నడుస్తుంటే వెలుతురు ప్రతి అడుగుకీ మారుతుంది, దానికి తగ్గట్టు స్క్రీన్ ఎగిరెగిరి పడితే చిరాకు. అందుకే సెన్సర్ చెప్పిన ప్రతిదాన్నీ వాచీ వెంటనే నమ్మదు. పైగా పెంచేటప్పుడు త్వరగా పెంచి, తగ్గించేటప్పుడు నిదానంగా తగ్గించే పద్ధతి మామూలు. పగటికి ఇది సరైన ఏర్పాటే. చీకట్లో మాత్రం ఇదే ప్రాణం తీస్తుంది, ఎందుకంటే స్క్రీన్ వెలిగిన మొదటి అర సెకనే కంటికి తగలాల్సిన దెబ్బ తగిలిపోతుంది, ఆ తర్వాత ఎంత మెత్తగా తగ్గినా లాభం లేదు. చీకట్లో పద్ధతి తిరగబడాలి: స్క్రీన్ ముందు కనిష్ఠంతో వెలగాలి, చుట్టూ వెలుతురు ఉందని తేలాకే పెరగాలి. ఇందుకు కొత్త హార్డ్‌వేర్ ఏమీ అక్కర్లేదు, అప్‌డేట్‌తో సరిపోతుంది.

తక్కువై బాధపడేవాళ్ల సంగతి ఇప్పటిదాకా పక్కన ఉండిపోయింది. వాళ్ల కష్టం ఎక్కువగా మసక వెలుతురులో, అంటే 5 నుంచి 20 లక్స్ మధ్యలో వస్తుంది. ఒకే దీపం వెలుగుతున్న హాలు, మునిమాపు వేళ వీధి. సెన్సర్ దీన్ని దాదాపు చీకటి కింద లెక్కేసి స్క్రీన్‌ని బాగా దించేస్తుంది. ఇరవై ఏళ్ల కంటికి అది చాలు. వయసు పెరిగేకొద్దీ కంటిపాప అంతగా తెరుచుకోదు, కంటి లోపలి లెన్స్ పసుపుపచ్చబడుతుంది, అరవై ఏళ్లవాళ్ల రెటీనాకి చేరే వెలుతురు ఇరవై ఏళ్లవాళ్లకు చేరేదానిలో సుమారు మూడో వంతే. అంటే కుర్రవాళ్లకు హాయిగా ఉన్న స్క్రీన్ వాళ్ల తాతయ్యకు మూడింట రెండొంతులు ఆర్పేసినట్టు ఉంటుంది. దానికి తోడు చత్వారం. ఒకే ఆటో సెట్టింగ్ ఇద్దరికీ సరిపోదు, మీరు చేత్తో సరిచేసిన ప్రతిసారీ వాచీ దాన్ని గుర్తుపెట్టుకుని నేర్చుకోవాలి. ఈ పని ఫోన్లు 2018లో ఆండ్రాయిడ్ 9 నుంచి చేస్తున్నాయి. చాలా వాచీల్లో ఇప్పటికీ మూడు నాలుగు మెట్ల స్లైడరే దిక్కు.

ఇంకో సూక్ష్మం ఉంది. మన చూపు సూటిగా నిలిచే రెటీనా నడిమధ్యన రాడ్ కణాలు ఉండవు, కోన్‌లే ఉంటాయి. అందుకే వెలుగు ఒక హద్దు దాటి తగ్గితే చిన్న అక్షరాలు సూటిగా చూసినా అందవు. కాబట్టి స్క్రీన్‌ని తగ్గిస్తూ పోవడమొక్కటే మందు కాదు. వెలుగు తగ్గినకొద్దీ అంకెల సైజు పెరగాలి. కటిక చీకట్లో స్క్రీన్ అంతా పరుచుకున్న నాలుగు పెద్ద అంకెలు అతి తక్కువ వెలుగులోనూ కనిపిస్తాయి, మూలల్లో అడుగులు, గుండె వేగం, వాతావరణం ఇరికించిన ఫేస్ కనిపించదు. కళ్లకు తగిలేది నిట్లు మాత్రమే కాదు, ఎంత మేర వెలుగుతోంది అన్నది కూడా. తెల్లటి నేపథ్యమున్న ఫేస్‌ని 1 నిట్‌కి దించినా, నల్లటి దాని మీద సన్నటి అంకెలున్న ఫేస్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు గదిలోకి వస్తుంది.

రంగు విషయానికి వస్తే, చీకటికి అలవాటు పడ్డ కన్ను 500 నానోమీటర్ల దగ్గరి నీలి ఆకుపచ్చకి బాగా స్పందిస్తుంది, ముదురు ఎరుపుకి రాడ్‌లు దాదాపు గుడ్డివి. సాయంత్రం చీకటి పడేకొద్దీ ఎర్ర పువ్వులు నల్లబడి ఆకులు తేలిగ్గా కనిపించడాన్ని 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించి చెప్పింది దీన్నే. టెలిస్కోపుల దగ్గర, ఓడ నడిపే గదుల్లో ఎర్ర దీపాలు పెట్టుకునేది చీకటి చూపు చెడకుండా ఉండటానికే. 2022లో వచ్చిన యాపిల్ వాచ్ అల్ట్రాలో వేఫైండర్ ఫేస్‌ని ఎరుపులోకి మార్చే నైట్ మోడ్ ఇచ్చారు, 2023లో గార్మిన్ ఎపిక్స్ ప్రోలో తెరని ఎరుపులోకి మార్చే రెడ్ షిఫ్ట్ వచ్చింది. మంచి మార్పు, కానీ ఎక్కువగా ఖరీదైన మోడళ్లకే మొదట దక్కింది. ఎరుపు రంగు సరిగా కనిపించని వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు ఎర్ర అంకెలు నల్లగా కలిసిపోతాయి, వాళ్లకు మసక నారింజ మేలు.

ఆకుపచ్చ సంగతి వచ్చింది కాబట్టి, రాత్రి వాచీ అంచుల్లోంచి కారే ఆకుపచ్చ వెలుగు గురించి కూడా చెప్పుకోవాలి. అది స్క్రీన్ కాదు, వెనకవైపు గుండె వేగం కొలిచే లైటు. పట్టీ వదులుగా ఉంటే పక్కకు కారుతుంది, చీకటి కంటికి బాగా తగిలే రంగుకు దగ్గర్లో ఉంది కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. పట్టీని ఒక రంధ్రం బిగిస్తే చాలావరకు పోతుంది.

నిద్ర హార్మోన్ల భయం మాత్రం వాచీ విషయంలో కాస్త అతిగా ప్రచారమైంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్‌ని వెలుగు ఎంత అణుస్తుందన్నది ఎంత వెలుగు, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫోన్ స్క్రీన్‌లో పదో వంతు ఉండే తెరని రెండు సెకన్లు చూస్తే కలిగే ప్రభావం స్వల్పం. అసలు నష్టం మెలకువ రావడం, చీకటి చూపు పోవడం.

ప్రస్తుతానికి చేతిలో ఉన్న వాచీతో చేయగలిగింది చాలానే ఉంది. చెయ్యెత్తగానే వెలిగే సదుపాయాన్ని రాత్రికి ఆపేస్తే సగం బాధ తీరుతుంది. యాపిల్ వాచీలో స్లీప్ ఫోకస్, గూగుల్ వేర్ ఓఎస్ వాచీల్లో బెడ్‌టైమ్ మోడ్ ఈ పని చేస్తాయి, ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లేని కూడా ఆర్పేస్తాయి. నైట్ షిఫ్టులు చేసేవాళ్లు, పసిపిల్లల కోసం వేళాపాళా లేకుండా లేచే తల్లులు దీన్ని టైం ప్రకారం కాకుండా చేత్తో ఆన్ చేసుకోవడం మేలు. స్క్రీన్‌కి గార్డ్ అంటించినవాళ్లు దాని నల్లటి అంచు సెన్సర్ మీద పడిందేమో చూసుకోవాలి, పడితే పట్టపగలు కూడా స్క్రీన్ డల్‌గానే ఉంటుంది.

మీ వాచీ కనిష్ఠం మీ కంటికి సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి స్పెసిఫికేషన్లు అక్కర్లేదు. లైట్లు ఆర్పి అరగంట ఆగండి, ఫోన్ ముట్టుకోకండి. గదిలో తలుపు అంచు, బీరువా మూల లీలగా కనిపించడం మొదలయ్యాక వాచీని వెలిగించి, టైం చూసి, వెంటనే తలుపు వైపు తిరగండి. ఆ అంచు అలాగే కనిపిస్తే మీ వాచీ రాత్రికి పనికొస్తుంది. దాని బదులు స్క్రీన్ ఆకారమే కళ్ల ముందు తేలుతుంటే ముందు ఫేస్ మార్చండి, నల్ల నేపథ్యం, ఎర్ర అంకెలు పెట్టి మర్నాడు రాత్రి మళ్లీ అదే పరీక్ష చేసి చూడండి.